బియ్యపు డబ్బాలోని పలక

మా కుమార్తెకు గడచిన మాసమున మూడవ యేడు నిండినది. నాటినుండి మా యింట నొకటే చర్చ: బిడ్డను బడికి పంపుటయా, ఇంటనే చదివించుటయా? పిల్ల కొంచెము చురుకైనది. అక్షరములను గుర్తించును, వీధిలో దుకాణముల పేరుపలకలను కూడబలుకుకొనును, ఒక శ్లోకమును నాలుగు మారులు విన్నచో నొప్పగించును. ఇట్టి బుద్ధిమంతురాలిని ఇంట నుంచుట పాపమని కొందరు బంధువులు, బడికి పంపినచో మొద్దుబారునని కొందరు. నిందలో మాత్రము ఇరుతెగలవారు నేకీభవించి, దానిని మాపైననే మోపుచున్నారు.

మేము బడిపంతులము. ఇరువది యేండ్లుగా పరుల బిడ్డలకు సంస్కృతమును, ఇంగ్లీషును బోధించుచున్నాము. ఇంటనే గురువుండగా బడి యేల యని తలచి, సాయంకాల మొక గంట నియమించి, పలక పట్టించి, మేమే పాఠము ప్రారంభించితిమి. పది దినములు బాగుగనే సాగినది. చిక్కంతయు నందుండియే పుట్టినది. ఇంటి కెవరు వచ్చినను "తల్లీ, మామయ్యగారికి శ్లోకము చెప్పుమా" యని పిలుచుట మాకు వాడుకయ్యెను.

ఒకనాడు మా సహోపాధ్యాయు డొకరు వచ్చిరి. పిల్ల రెండవ పాదమున తడబడినది. మే మందించితిమి. మరల తడబడినది. అప్పుడు మా కంఠమున తరగతిగదిలోని స్వరము పలికినది. అది మాకు తెలియలేదు, పిల్లకు తెలిసినది. మా మొగము వంక నొక మారు చూచి, తలుపు వెనుకకు పోయి నిలిచినది. మరునాటి సాయంకాలము పలక కానరాలేదు. ఇల్లంతయు వెదకగా బియ్యపు డబ్బాలో దొరకినది. ఎవరు దాచిరని యడుగగా, "అది నాన్న పలక" యని మాత్రము పిల్ల బదులు చెప్పినది.

మా గృహిణి నవ్వలేదు. "మీ బడిపిల్లలకు గంట కొట్టగనే యింటికి పోవు భాగ్యమైన నున్నదండీ. దీనికి పంతులు ఇంటనే కాపురమున్నాడు" అనినది. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

తరువాత ఒక పేరుపొందిన ప్రైవేటు బడిని చూడబోయితిమి. మూడేండ్ల పసివారు బల్లలకు కట్టినట్లు కూర్చుండి, నాలుగు గీతల పుస్తకములలో ఇంగ్లీషు అక్షరములను వ్రాయుచుండిరి. ప్రవేశమునకు ముందు బిడ్డను పరీక్షింతుమని యచ్చటివారు చెప్పిరి. ఇట్టి పరీక్షలను మానుపవలెనని యశ్‌పాల్ సంఘము 1993 లోనే సూచించెను. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రవేశమునకై పిల్లలను వడబోయుటను నిషేధించెను. మూడు మొదలు ఎనిమిదేండ్ల వరకు గల కాలమున ఆటపాటల మూలముననే నేర్పవలెనని 2020 నాటి జాతీయ విద్యావిధానము చెప్పుచున్నది. కాగితము మీది మాట ఆ గది లోనికి ఇంకను ప్రవేశించినట్లు లేదు.

గుజరాతున గిజుభాయి బధేకా యను వకీలు కుమారుడు పుట్టిన పిదప శిశువిద్యను గూర్చి యాలోచింప మొదలిడి, మాంటిసోరి గ్రంథములను చదివి, 1920 లో భావనగరమున బాలమందిరమును తెరచెను. తన బిడ్డకై మొదలైన యాలోచన ఆయనను పరుల బిడ్డల యొద్దకు గొనిపోయెను. మా యాలోచన మా గుమ్మము దాటలేదని మాకు సిగ్గు కలిగినది.

అందుచే మా వెనుకవీధిలోని అంగన్‌వాడీకి పిల్ల నెత్తుకొని పోయితిమి. అచ్చట పదునాలుగురు పిల్లలు మట్టితో నేదో చేయుచుండిరి. మా పిల్ల కొంతసేపు చూచి, తానే చంక దిగినది. ఇంతలో నొక బాలుడు దాని చేతి మట్టిముద్దను లాగుకొనెను. అది మా యొద్దకు పరుగెత్తి వచ్చినది. పంతులమ్మ మమ్ము వారించి, "వాడినే అడుగమ్మా" యనినది. పిల్ల పోయి యడిగినది. వాడు సగము విరిచి యిచ్చెను. మా యింట దాని చేతిలోనిది లాగుకొనువారు లేరు; అడిగి తెచ్చుకొను నవసరమును దానికి కలుగలేదు. మేమెంత చదివినను ఈ పాఠమును చెప్పజాలము.

"కూలివాండ్ర పిల్లల నడుమనా?" యని బంధువు లడుగుచున్నారు. అవును, వారి నడుమనే. ఆ గదికి వెల్లవేసి యెన్నాళ్లయినదో! కిటికీకి ఒక రెక్క లేదు. చదువుకొన్న కుటుంబముల బిడ్డలును అచ్చటికి పోవుచుండినచో ఆ రెక్క యెన్నడో వచ్చియుండెడిది. దానికై మేమిప్పుడు అర్జీ వ్రాసితిమి.

ప్రొద్దుట అంగన్‌వాడీ, సాయంకాలము కథలు. ఇది ప్రస్తుతము మా యేర్పాటు. అతిథులకు శ్లోకములు లేవు. పలక ఇంకను బియ్యపు డబ్బాలోనే యున్నది. పిల్ల యడుగువరకు తీయరాదని మా గృహిణి యాజ్ఞ. బియ్యము కొలుచునపుడెల్ల అది మా చేతికి తగులుచునే యున్నది.