మెట్ల కింద కుర్చీ

పంపకాల్లో ఊళ్లో ఇల్లు అన్నయ్యకి వచ్చింది. తను అమెరికాలో ఉండటంతో ఇరవై రెండేళ్లుగా తాళాలు నా దగ్గరే. పెంకులు నేయించిందీ, కొబ్బరికాయలు దింపించిందీ, కౌలు లెక్కలు రాసిందీ నేనే. 'రిటైరయ్యాను, వచ్చేస్తున్నా'నని మొన్న ఫోన్ చేశాడు. 'రా అన్నయ్యా' అన్నాను. ఫోన్ పెట్టేశాక మాత్రం మనసు అదోలా అయిపోయింది.

ఆ రాత్రి మా అమ్మాయి 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' చదువుతోంది. టోల్కీన్ రాసిన ఆ నవల 1954-55ల్లో మూడు భాగాలుగా వచ్చింది. సినిమాలో నాకు యుద్ధాలే గుర్తున్నాయి. నిద్రపట్టక 'కథేంటమ్మా' అన్నాను.

గోండోర్ అనే రాజ్యం. దాని రాజు శత్రువు సవాలుకి వెళ్లి తిరిగిరాలేదు. పోయాడన్న రుజువూ లేదు, వారసులూ లేరు. 'రాజు వచ్చేదాకా' అంటూ స్టీవార్డులు, అంటే రాజు పేరిట పాలించేవాళ్లు, బాధ్యత తీసుకున్నారు. అలా 960 ఏళ్లకు పైగా గడిచాయి. అన్నేళ్లూ వాళ్లెవరూ కిరీటం పెట్టుకోలేదు. సింహాసనం ఖాళీ. దాని మెట్ల కింద నల్లరాతి కుర్చీ వాళ్లది. చేతిలో తెల్లకర్ర.

చివరికి వారసుడు అరగోర్న్ వచ్చాడు. వచ్చీరాగానే హక్కు అడగలేదు. గాయపడ్డవాళ్లకి వైద్యం చేయడానికి ముసుగు కప్పుకుని నగరంలోకి అడుగుపెట్టాడు. అప్పటి స్టీవార్డు డెనెథోర్‌కి మాత్రం దిగిపోవడమన్న ఊహే భరించరానిదైంది. చితి పేర్పించుకుని కాలిపోయాడు. అతని కొడుకు ఫరామిర్ నగర ద్వారం దగ్గరే కర్ర అప్పగించి, 'ఈయన రాజు కావచ్చునా?' అని జనాన్ని అడిగాడు. జనం ఔనన్నారు. కొత్తరాజు ఆ కర్రను మళ్లీ ఫరామిర్ చేతికే ఇచ్చాడు.

'మన భరతుడే కదా!' అన్నాను.

'భరతుడికి పద్నాలుగేళ్లని గడువుంది నాన్నా. వీళ్లకి లేదు' అంది.

ఆ మాట గుచ్చుకుంది. గడువు లేకపోతే, కాపలా కాస్తున్నామన్న సంగతే మర్చిపోతాం కాబోలు.

మర్నాడే ఊరెళ్లాను. లెక్కల పుస్తకం, తాళాలగుత్తి ఒకచోట పెట్టాను. ఇన్నేళ్లూ నేను కూర్చున్న నాన్న వాలుకుర్చీని తుడిచి వసారాలో వేశాను, అన్నయ్య కోసం. పక్కనే ఓ ప్లాస్టిక్ కుర్చీ.

అది నాది.