ఎండాకు తెగులు, ఒక దొంగ ఉత్తరువు

మా తండ్రిగారు కృష్ణా జిల్లానుండి తుంగభద్ర కాలువక్రిందికి వచ్చి గంగావతి సీమలోని క్యాంపులో పాక వేసికొన్ననాటికి మేమింకను పుట్టలేదు. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి మేము గుమాస్తా పనిలో జేరితిమి. చేను తమ్ముని చేతిలో నున్నది.

ఒక సార్వాలో, పొట్టదశయందు, గాలివాన వెలసిన కొలది దినములకు ఆకుల అంచులు అలలవలె పసుపుదేరి, పిదప ఎండుగడ్డి రంగునకు దిగినవి. ఉదయమున ఆకులపై పాలవంటి బొట్లు. ఎండకు అవియే తేనెరంగు పూసలై గట్టిపడెడివి. మందుల దుకాణమువారొకరు బూజు తెగులని ఇచ్చిన మందు రెండుమారులు కొట్టించితిమి, గుణమీయలేదు. కోసిన ఆకును గాజుగ్లాసు నీటిలో నిలుపగా తెల్లని ధార దిగినప్పుడుగాని అది బాక్టీరియా యని తెలియలేదు. యూరియా మితిమీరినందుననే తెగులు బలిసినదని పొరుగువారనిరి. నిజమే. వేయుమన్నది మేమే. ఆ యేడు తమ్ముడు ఆ మాట ఎత్తలేదు.

ఉద్యోగ విరమణానంతరము ఈ సంగతి చదువ నారంభించితిమి. జాంథోమొనాస్ ఒరైజే అను నీ సూక్ష్మజీవి ఆకుఅంచుల నీటిరంధ్రములగుండ లోనికి జొచ్చును. వరి చేతులు ముడుచుకొని కూర్చుండదు. పరజీవి అలికిడి తెలిసినంతనే కణములు గోడలను దట్టము చేసికొనును. కాని శత్రువు సూదివంటి గొట్టముతో తన ప్రోటీనులను కణములోనికెక్కించి ఆ హెచ్చరికను నొక్కివేయును. వానిలో కొన్ని కణకేంద్రకమునకే పోయి, చక్కెరను వెలికి విడుచు జన్యువును మేలుకొలుపును. ముప్పదియేండ్లు దస్త్రములు మోసిన మాకిది వెంటనే బోధపడినది. అధికారి ముద్రతో దొంగ ఉత్తరువు వచ్చినది. గిడ్డంగి గుమాస్తా నమ్మి బస్తాలు బయట పెట్టినాడు!

ఆ ద్వారమును బొత్తిగా మూసివేయరాదా? రాదు, పుప్పొడి పక్వమగుటకు అదియే కావలెను. అయితే ఎక్స్‌ఎ 13 అను జన్యురూపము గల వరిలో ఉత్తరువు అంటవలసిన చోటే మారియున్నది. కాగితము వచ్చును, అతుకదు. ఎక్స్‌ఎ 5లో శత్రువు ఊతగొను లోపలి పనివాడే మారినాడు. మాలి దేశపు అడవివరినుండి వచ్చిన ఎక్స్‌ఎ 21 వాకిటి తలారి. శత్రువు విడుచు చిన్న ప్రోటీను తునుకను ఆనవాలు పట్టును.

1986లో బాపట్లనుండి వెలువడిన సాంబమసూరిని మన క్యాంపులవారు బి.పి.టి. యందురు. సన్నని గింజ, కమ్మని అన్నము; ఈ తెగులునకు మాత్రము లోకువ. హైదరాబాదులోని సి.సి.ఎం.బి., వరి పరిశోధన సంచాలకాలయముల వారు ఆ మూడు జన్యువులను దానిలో జేర్చి, మెరుగుపరచిన సాంబమసూరిని 2008లో వెలువరించిరి.

ఆ విత్తనము ఒక బస్తా తెప్పించి తమ్మునికిచ్చితిమి. మూతి విప్పి, గింజలు అరచేత బోసికొని చూచి, “యూరియా ఎంత వేయమంటావు, అన్నయ్యా?” అని నవ్వినాడు.