‘ఉపయుక్తం’ అన్న మాటకు ఒక రోగి నేర్పిన అర్థం

ఈసారి ఒక వ్యాధిని గురించి కాక, వైద్యులమైన మేము తరచుగా వాడే ఒక మాటను గురించి మీతో ముచ్చటించదలిచాను. అందం కంటె ప్రయోజనానికే పెద్దపీట వేసిన వస్తువును ఆంగ్లంలో ‘యుటిలిటేరియన్’ అంటారు. బెంథామ్, మిల్ వంటి తత్త్వవేత్తల నీతి సిద్ధాంతానికి కూడా ఆ మాటే ఆధారం. వస్తువుల విషయంలో మాత్రం అందులో మెప్పుతో పాటు కొంత చిన్నచూపు కూడా ధ్వనిస్తుంది: ‘చూడడానికి బాగుండదు గాని పనికివస్తుంది’ అని. మనం దానిని ‘ఉపయుక్తం’ అనుకోవచ్చు. మేము రోగులకు ఇచ్చే చేతికర్రలు, నడుము పట్టీలు, ప్రత్యేకమైన చెప్పులు చాలావరకు ఈ కోవలోనివే.

చాలా ఏళ్ళ క్రిందట నా వద్దకు ఒక ఉపాధ్యాయురాలు వచ్చేవారు. ఆమెకు పన్నెండేళ్ళుగా మధుమేహం. 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగుతో అరికాళ్ళను పరీక్షిస్తే మూడు చోట్ల ఆమెకు స్పర్శ తెలియలేదు. వెంటనే ఎం.సి.ఆర్. చెప్పులు వ్రాసి ఇచ్చాను. సన్నని గాలి గదులు గల మెత్తని రబ్బరు అది. శరీర భారాన్ని ఒకే చోట పడనీయక పాదమంతటికీ పంచుతుంది. తెప్పించిన చెప్పులు నల్లగా, దళసరిగా, మడమ వెనుక పట్టీతో ఉన్నాయి. ఆమె వాటిని అటూ ఇటూ త్రిప్పి చూసి, “ఇవి వేసుకుని నలుగురిలోకి ఎలా వెళ్ళనండీ?” అన్నారు.

“అమ్మా, ఇవి అందానికి కాదు, ఉపయోగానికి. మీకు కాలు కావాలా, సోకు కావాలా?” అన్నాను. గొప్ప మాట అన్నాననుకున్నాను.

ఎనిమిది నెలలకు ఆమె బొటనవ్రేలి పుండుతో వచ్చారు. కుమార్తె నిశ్చితార్థానికి సన్నని పట్టీల చెప్పులు వేసుకున్నారట. పట్టీ ఒరుసుకుని చర్మం చీరుకుపోయినా నొప్పి తెలియలేదు. నేల మీద నెత్తుటి మరక కనబడిన తరువాత గాని గాయం సంగతి బయటపడలేదు. చీము ఎముక దాకా పోయింది. వ్రేలు తీసివేయక తప్పలేదు.

గాయం మానుతున్న రోజులలో ఆమె నెమ్మదిగా చెప్పారు: “డాక్టరు గారూ, మా ఊరి దగ్గర కుష్ఠురోగుల ఆస్పత్రిలో అచ్చం అటువంటి చెప్పులే ఇచ్చేవారు. పెళ్ళివారు చూస్తే ఏమనుకునేవారో! పిల్ల సంబంధం తప్పిపోతుందేమోనని బీరువాలో దాచేశాను.”

ఆమె చెప్పినది నిజమే. ఆ చెప్పుల వెనుక కుష్ఠువ్యాధి చికిత్స చరిత్ర ఉంది. 1946లో వేలూరు వచ్చిన శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్, ఆ రోగుల పుండ్లకు స్పర్శ లేకపోవడమే ముఖ్య కారణమని గ్రహించి, వారి పాదాలను కాపాడే మెత్తని పాదరక్షల కోసం ఎంతో కృషి చేశారు. మధుమేహ రోగి పాదానికి కూడా అదే సూత్రం వర్తిస్తుంది. అయితే ఆ చెప్పులతో పాటు లోకం వేసిన ముద్ర కూడా వచ్చింది. నేను సోకు అని ఈసడించినది ఒక తల్లి భయం. పాదాన్ని పరీక్షించాను గాని, ఎందుకు వద్దంటున్నారని ఒక్క ప్రశ్న అడగలేదు.

ఆ రాత్రి ‘ఉపయుక్తం’ అన్న మాటను గురించే ఆలోచించాను. ‘ఉప’ అంటే దగ్గర. ‘యుజ్’ అంటే కలుపుట. ఉపయోగం, ప్రయోజనం అన్న మాటలకు కూడా ఆ ధాతువే మూలం. మనిషికి దగ్గరగా చేరి, అతని బ్రతుకుతో కలిసినదే ఉపయుక్తం. బీరువాలో ఉన్న చెప్పు ఎంత శాస్త్రీయమైనదైనా ఆ మాటకు తగదు.

తరువాత మాకు తెలిసిన చెప్పులు కుట్టే పనివాని చేత, అదే రబ్బరు అట్ట మీద ముదురు ఎరుపు మెత్తని తోలు పట్టీలు వేయించాము. కుమార్తె పెళ్ళిలో ఆమె వాటితోనే తిరిగారు.

మధుమేహం ఉన్నవారికి నా మనవి. రోజూ అరికాళ్ళను అద్దంలో చూసుకోండి, లేదా ఇంట్లోవారి చేత చూపించుకోండి. చెప్పులలో, బూట్లలో చేయి పెట్టి చూసిన తరువాతనే తొడుక్కోండి. ఇంట్లో కూడా వట్టి కాళ్ళతో నడవకండి. పాదాలు కొంత ఉబ్బే సాయంకాలం పూట చెప్పులు కొనండి. ఏడాదికి ఒకసారైనా స్పర్శ పరీక్ష చేయించుకోండి. ఇచ్చిన చెప్పులు నచ్చకపోతే మొహమాటపడక ఆ మాట వైద్యునికి చెప్పండి. మార్గం ఉంటుంది.

ఇంట్లోని పెద్దవారి చేతికర్ర తలుపు వెనుకనే ఉందా? వినికిడి యంత్రం సొరుగులోనే ఉందా? వారిని కోప్పడకండి. ప్రక్కన కూర్చుని, ఎందుకు వాడడం లేదో ఒకసారి అడగండి.