నాలుగోవాని పక్కన ఉండేవాడు



క్రాస్‌కంట్రీ పరుగులో ఒక లెక్క ఉంది. ప్రపంచ పోటీల్లో ఒక్కో జట్టుకు ఆరుగురు పరుగెత్తుతారు. వారిలో ముందు వచ్చిన నలుగురి స్థానాలను కూడుతారు. మొత్తం ఎవరిది తక్కువైతే గెలుపు వారిదే. మొదటివాడు ఎంత దూసుకుపోయినా నాలుగోవాడు వెనకబడితే జట్టుకు దెబ్బే. అందుకే ఆ నాలుగోవాని మీద కన్నేసి ఉంచే మనిషి ఒకడు కావాలి. పెద్ద కోచ్ ముగింపు గీత దగ్గర ఉంటే, ఆ అసిస్టెంట్ ఎక్కడో గుట్ట మలుపులో నిలబడి కేకలేస్తుంటాడు. ఫొటోలో అతను కనబడడు.

మన నల్గొండ, పాలమూరు డిగ్రీ కాలేజీల్లో ఆ కుర్చీ కూడా ఉండదు. కబడ్డీకీ, ఖోఖోకీ, పరుగుకీ ఒక్క ఫిజికల్ డైరెక్టరు సారే. ఆగస్టు 15న జెండా తాడు సరిచేసేదీ ఆయనే!

మా సంఘపు తమ్ముడొకరు ఒక కాలేజీలో గెస్టుగా ఆ పని చేస్తున్నాడు. తెల్లారకముందే తండాల ఆడపిల్లలను చెరువు కట్ట మీద పరుగెత్తిస్తాడు. ఎండాకాలం జీతం రాదు. హైదరాబాద్‌లో సెక్యూరిటీ పని ఉందని ఎవరో చెప్పినప్పటి నుండి అతని మనసు ఊగుతోంది. మేము వాళ్లింటికి వెళ్లినప్పుడు తల్లి మా ముందే అడిగింది: "ఎవరి బిడ్డలనో ఉరికిస్తివి, నీకేమొచ్చె కొడుకా?" ఆమె అడిగింది న్యాయమే. అద్దె కట్టాల్సింది ఆమె.

ఆ ఇంట్లో మేము కోల్మ్ ఓకానెల్ గురించి చెప్పాం. ఐర్లాండుకు చెందిన ఈ బ్రదర్ 1976లో కెన్యాలోని ఇటెన్ ఊరికి, సెయింట్ పాట్రిక్స్ హైస్కూలులో భూగోళం చెప్పడానికి వచ్చారు. అథ్లెటిక్స్ శిక్షణ ఏమీ లేదు. అక్కడి కోచ్‌కు సహాయకుడిగా చేరారు. కోచ్ స్వదేశం వెళ్లిపోయినా ఈయన ఉండిపోయారు. ఆయన శిష్యుడు డేవిడ్ రుదీషా 2012 లండన్ ఒలింపిక్స్‌లో 800 మీటర్లను 1 నిమిషం 40.91 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు సృష్టించాడు. వచ్చిన 36 ఏళ్లకు!

"కెన్యా సంగతి మనకెందుకయ్యా?" అంది తల్లి.

సరే, వరంగల్ వైపు చూద్దాం. కల్లెడ ఊరి దీప్తి జీవాంజిని అందరూ ఎరుగుదురు. కూలి చేసుకునే ఇంటి పిల్ల. పుట్టుకతో ఉన్న లోపాన్ని చూసి ఊరివాళ్లు ఎగతాళి చేసేవారు. 2024 మేలో కోబేలో 400 మీటర్ల పారా పరుగును 55.07 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు పెట్టింది. సెప్టెంబరులో పారిస్‌లో కంచు పతకం. పేరున్న కోచ్‌లు తర్వాత వచ్చారు. ఆ కాళ్లను ముందుగా గమనించింది బడిలో పి.ఇ.టి. సారు. ఆయన చూడకపోతే తర్వాతివాళ్లకు చూడటానికి ఏముండేది?

పేతురును తీసుకొచ్చిన అంద్రెయ కూడా ఆ తర్వాత పెద్దగా కనబడడు. ఆ మాట మేము ఆ రోజు చెప్పలేదు. అప్పుడామె బియ్యం ఏరుతోంది.

జూన్‌లో అతనికి మళ్లీ ఆర్డరు ఇస్తారో లేదో ఇంకా తేలలేదు. అతను మాత్రం ఈ ఉదయం కూడా కట్ట మీదే ఉన్నాడు. ముగ్గురు పిల్లలు చెప్పుల్లేకుండా పరుగెత్తుతున్నారు. మీ ఇళ్లలో పనికొచ్చే క్యాన్వాస్ బూట్లు 4, 5 నంబర్లవి ఉంటే ఆదివారం ఆరాధనకు వచ్చేటప్పుడు తీసుకురండి.