పెట్టెలో లేని మనిషి

మా హోసూరు వైపు దసరాకు బొమ్మల కొలువు పెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఇటు తమిళుల పద్ధతీ, అటు మైసూరు పద్ధతీ మా తెలుగిళ్లలో ఒకే మెట్ల మీద సర్దుకుని కూర్చుంటాయి. పట్టపు రాజూ రాణీ పై మెట్టున ఉంటే, ముందర పప్పూ బియ్యం పోసుకుని చెట్టియారు దంపతులు కింది మెట్టున ఉంటారు. పేరంటానికి వచ్చే ఆడవాళ్లను గమనించండి. మెట్లన్నీ నిండుగా ఉన్నా వాళ్ల కన్ను ఖాళీ చోటికే పోతుంది. "చెట్టియారమ్మ ఏదమ్మా? పోయినేడు ఉన్నిందే!" అంటారు. కొలువు పెట్టిన ఇల్లాలికి ఆ మాట కాస్త గుచ్చుకుంటుంది, లోపల కాస్త సంతోషంగానూ ఉంటుంది. ఏటేటా వచ్చి శ్రద్ధగా చూసినవాళ్లు తప్ప ఆ మాట ఇంకెవరడుగుతారు?

ఒక అమెరికా హాస్య ధారావాహిక మీద వచ్చిన బొమ్మల పెట్టె గురించి అభిమానులు చేసిన రచ్చ వింటూ ఉంటే నాకు ఈ పేరంటమే గుర్తుకొచ్చింది. పెట్టె డెన్మార్కు లెగో కంపెనీది. 2022 అక్టోబరులో వచ్చింది. ధారావాహిక పేరు 'ది ఆఫీస్'. నాకు దీన్ని పరిచయం చేసింది మా తమ్ముడి కూతురు. బెంగుళూరులో ఉద్యోగం. రోజంతా ఆఫీసులో ఉండి, రాత్రి ఇంటికొచ్చి మళ్లీ ఆఫీసునే చూస్తారేమమ్మా అంటే, "ఇది చూస్తేనే పొద్దున మళ్లీ ఆ ఆఫీసుకు పోగలుగుతాను పెదనాయనా" అంది. ఆ మాట నాకు నచ్చి నేనూ చూడడం మొదలుపెట్టాను.

చూడనివారి కోసం నాలుగు ముక్కలు చెబుతాను. బ్రిటన్‌లో రికీ జెర్వైస్, స్టీఫెన్ మర్చంట్ 2001లో ఒక ఆఫీసు హాస్యం తీశారు. దాన్నే అమెరికావాళ్లు తమ పద్ధతిలో మార్చుకుని 2005 మార్చి నుంచి 2013 మే దాకా 9 సీజన్లు, 201 భాగాలు నడిపారు. పెన్సిల్వేనియా రాష్ట్రంలో స్క్రాంటన్ అనే ఊరు. అక్కడ కాగితం అమ్ముకునే డండర్ మిఫ్లిన్ అనే కంపెనీకి ఒక బ్రాంచి. మేనేజరు మైకేల్ స్కాట్ బల్లమీద 'ప్రపంచంలో ఉత్తమమైన బాసు' అని రాసిన కప్పు ఉంటుంది. ఆ కప్పు ఆయనే కొనుక్కున్నాడు! హత్యలూ లేవు, ఆస్తి తగాదాలూ లేవు. ఉత్తరాలు టైపు చేస్తారు, ఫోన్లు ఎత్తుతారు, పుట్టినరోజు కేకు మీద పోట్లాడుకుంటారు, సాయంత్రం కార్లెక్కి ఇళ్లకు పోతారు. నేను హోసూరులో ఒక కంపెనీ లెక్కల విభాగంలో 29 ఏళ్లు పనిచేసినవాణ్ణి. వాళ్ల ఇంగ్లీషు నాకు సగమే అందుతుంది. వాళ్ల ఆఫీసు మాత్రం పూర్తిగా అందింది.

ఇక పెట్టె సంగతి. దీని ఆలోచన కంపెనీది కాదు, ఒక అభిమానిది. లెగోలో ఒక ఏర్పాటుంది. ఎవరైనా సరే తమ నమూనా కట్టి పంపవచ్చు. దానికి 10,000 మంది మద్దతు కూడితే కంపెనీ పరిశీలనకు తీసుకుంటుంది. నచ్చితే తయారుచేసి అమ్ముతుంది, అసలు ఊహించినవాడికి అమ్మకాల్లో వాటా ఇస్తుంది. 2015లో 'ది బిగ్ బ్యాంగ్ థియరీ' వాళ్ల గదీ, 2019లో 'ఫ్రెండ్స్' వాళ్ల కాఫీ హోటలూ, 2021లో 'సైన్‌ఫెల్డ్' ఇల్లూ ఈ దారినే వచ్చాయి. అందుచేత పెట్టె బజారులోకి వచ్చేసరికే అభిమానులు తమను సగం యజమానులుగా లెక్కేసుకుని ఉంటారు. ఉమ్మడి చందాలతో కట్టిన రామమందిరంలో ప్రతివాడూ ధర్మకర్తలాగే మాట్లాడుతాడు కదా, అలా.

ముందు వాళ్ల సంతోషం చెప్పాలి. మొదటి భాగంలోనే జిమ్ అనే కుర్రవాడు, పక్క బల్ల డ్వైట్‌ను ఏడిపించడానికి అతని స్టేప్లరును జెల్లీలో పెట్టి గడ్డకట్టిస్తాడు. ఆ జెల్లీ స్టేప్లరు పెట్టెలో ఉంది. కెవిన్ అనే లావుపాటి గుమాస్తా ఎంతో ప్రేమగా వండి తెచ్చిన మాంసం కూర కుండ జారి నేలపాలవుతుంది. ఒలికిన ఆ కూరా ఉంది. ఏంజెలా పిల్లి ఉంది. కప్పు సరేసరి. మేనేజరు గదిని మొత్తం నుంచి సొరుగులాగా బయటికి లాగి విడిగా చూసుకోవచ్చు. వేలి గోరంత లేని వస్తువును చూసి పెద్దవాళ్లు కేకలు వేశారంటే నవ్వకండి. కూర ఒలికిన ఆ కాసేపటిని వాళ్లు పదిసార్లు చూసి పదిసార్లూ నవ్వి ఉంటారు. దాన్ని ఇంకెవరో కూడా గుర్తుపెట్టుకున్నారని చేతికి దొరికిన సాక్ష్యం అది.

ఆ తరవాత పేరంటం మొదలైంది. పెట్టెలో 15 మంది ఉన్నారు. మైకేల్, డ్వైట్, జిమ్, పామ్, అలా గోదాము చూసే డారిల్ దాకా. కెల్లీ కపూర్ కూడా ఉంది. ఆ పాత్ర వేసిన మిండీ కేలింగ్ తండ్రి తమిళుడు, తల్లి బెంగాలీ. ధారావాహిక రచయితల్లో ఆమె ఒకతె. 2006లో వచ్చిన దీపావళి భాగం రాసింది ఆమే. మా అమ్మాయి ఆ బొమ్మను వేళ్లమధ్య పట్టుకుని చాలాసేపు చూసుకుంది.

అయితే ఆండీ లేడు. ఎరిన్ లేదు. మూడో సీజన్‌లో వచ్చి, తరవాత 2011లో మేనేజరు కుర్చీ దాకా ఎక్కినవాడు ఆండీ. పామ్ తరవాత రిసెప్షన్ బల్ల చూసుకున్న పిల్ల ఎరిన్. అభిమానులు ఊరుకుంటారా? కొందరు కంపెనీ తరఫున వకాల్తా పుచ్చుకున్నారు. "రిసెప్షన్‌లో పామ్ ఉంది, గదిలో మైకేల్ ఉన్నాడు, కనుక ఇది తొలి ఏళ్ల ఆఫీసు. ఎరిన్ అప్పటికింకా రాలేదు" అన్నారు. అవతలివాళ్లు వెంటనే అందుకున్నారు. "కూర ఒలికింది 2009లో. అప్పటికి ఆండీ వచ్చి మూడేళ్లయింది. మరి అతనేడీ?" అని. ఒలికిన కూర ఆధారంగా ఆ ఆఫీసు ఏ సంవత్సరానిదో తేల్చడం చూశాక, శాసనాలు చదివే పండితులు గుర్తుకొచ్చారు నాకు.

గదుల పేచీ ఇంకొకటి. వంటగది లేదు. వెనకవైపు చిన్న భాగం లేదు. ధారావాహికలో కెల్లీ, టోబీ కూర్చునేది అక్కడే. అంటే వాళ్లిద్దరికీ పెట్టెలో చోటు దొరికింది గాని, కూర్చోవడానికి బల్ల లేదు. డారిల్ వచ్చాడు, అతని గోదాము రాలేదు. ఇలాంటి నియామకాలు నేను ఉద్యోగంలో చూశాను. పేరు హాజరు పట్టీలో ఉంటుంది, కుర్చీ మాత్రం ఉండదు.

అన్నిటికంటే పెద్ద రభస ధర మీద. ఇక్కడ నా లెక్కల బుద్ధి ఊరుకోలేదు, కాగితం పెన్నూ తీసుకున్నాను. విడుదలైనప్పటి అమెరికా ధరలు చూడండి. 'ఫ్రెండ్స్' కాఫీ హోటలు 1,070 ముక్కలు, సుమారు 60 డాలర్లు. 'సైన్‌ఫెల్డ్' 1,326 ముక్కలు, 80 డాలర్లు. 'ఆఫీస్' 1,164 ముక్కలు, 120 డాలర్లు. ముక్క చొప్పున లెక్కేస్తే మొదటిది ఐదున్నర సెంట్లు దాటింది, రెండోది ఆరు, మూడోది పది దాటింది. రెట్టింపుకు దగ్గర! కోపం న్యాయమే అనుకున్నాను.

అంతలో మా అమ్మాయి, "మనుషుల లెక్కన వెయ్యి పెదనాయనా" అంది. వేశాను. కాఫీ హోటల్లో ఏడుగురు, తలకు ఎనిమిదిన్నర డాలర్లు. 'సైన్‌ఫెల్డ్'లో ఐదుగురే, తలకు పదహారు. 'ఆఫీస్'లో 15 మంది, తలకు ఎనిమిదే! ముక్కలు లెక్కపెట్టినవాడికి అన్నిటికంటే గిరాకీ పెట్టె, మనుషుల్ని లెక్కపెట్టినవాడికి అన్నిటికంటే చవక. రెండు లెక్కలూ సరైనవే. అభిమానుల్లో పోట్లాట అంతా ఈ రెండు లెక్కల మధ్యనే జరిగిందని నాకు అప్పుడు అర్థమైంది. గోడలకూ బల్లలకూ డబ్బులిచ్చామనుకున్నవాళ్లు మోసపోయామన్నారు. మనుషులకు ఇచ్చామనుకున్నవాళ్లు, "ఇంత ఇచ్చాం, ఇంకో ఇద్దరిని కూర్చోబెడితే మీ సొమ్మేం పోయింది?" అన్నారు.

నేను రెండో పక్షం. ఎందుకో చెబుతాను. మా కంపెనీకి పాతికేళ్లు నిండినప్పుడు సిబ్బంది అందరినీ మెట్లమీద నిలబెట్టి ఫొటో తీశారు. కింద వరుసగా పేర్లు అచ్చువేసి అందరికీ పంచారు. తపాలా చూసే ఆయన ఒకరుండేవారు. ఇరవై రెండేళ్లు మా ఉత్తరాలు ఆయన చేతిమీదుగానే పోయాయి. ఏ అధికారి ఏ కాగితం ఏ మూల పారేశాడో ఆయనకొక్కడికే తెలుసు. ఫొటో తీసే సమయానికి ఆయన్ను ఫొటోగ్రాఫరుకు కాఫీ తెమ్మని పంపారు. ఆయన ఫ్లాస్కు పట్టుకుని వచ్చేసరికి అందరూ మెట్లు దిగిపోతున్నారు. మళ్లీ తీయమని మేము కొందరం అడిగాం. పెద్దవాళ్లకు టైము లేదన్నారు. ఆయన ఏమీ అనలేదు, కాఫీ పోసి అందరికీ ఇచ్చారు. ఆ ఫొటో నా దగ్గర ఇప్పటికీ ఉంది. అచ్చయిన పేర్ల వరుస చివర ఆయన పేరు నేను బాల్‌పెన్నుతో రాసిపెట్టుకున్నాను. చూసినవాళ్లు, "ఈ పేరుగల మనిషి ఇందులో ఎక్కడున్నాడు?" అని అడుగుతారు. అడగడానికే రాశాను.

అందుకే ఆండీ ఏడీ అని అడిగినవాళ్లను నేను పనిలేనివాళ్లు అనలేను. ఆ ధారావాహిక గొప్పతనమే ఇందులో ఉంది. తొమ్మిది సీజన్లపాటు అది వెనక బల్లల మీదికీ కెమెరాను తిప్పింది. పలుకుబళ్ల గడులు నింపుకునే స్టాన్లీ, మారు మాట్లాడని ఫిల్లిస్, ఏం పని చేస్తాడో ఎవరికీ తెలియని క్రీడ్, అందరికీ ఒక ముఖమూ ఒక మాటా ఇచ్చింది. ఫిల్లిస్ పాత్ర వేసిన ఫిల్లిస్ స్మిత్ నటిగా అక్కడికి రాలేదు. నటుల్ని ఎంపికచేసే విభాగంలో పనిచేస్తూ, ఎంపికకు వచ్చినవాళ్ల ఎదురుగా మాటలు చదివి వినిపించేది. ఆమె చదివే తీరు నచ్చి ఆమెకే పాత్ర ఇచ్చారు. వెనకనున్నవాళ్లను ముందుకు పిలవడం నేర్పిన ధారావాహిక అది. దాన్ని చూసి పెరిగినవాళ్లు పెట్టె తెరవగానే తలలు లెక్కపెట్టరా మరి?

వాళ్లు గొణుక్కుంటూ కూర్చోలేదు కూడా. లెగో ఇటుకకు 1958లో పేటెంటు తీసుకున్నారు. ఆనాటి ఇటుక మీద ఈనాటి ఇటుక ఇప్పటికీ అతుకుతుంది. బొమ్మ మనుషులూ అంతే. 1978లో వచ్చిన కొలతే ఇవాళ్టికీ. ఏ తలైనా ఏ మొండేనికైనా కూర్చుంటుంది, ఏ జుట్టైనా ఏ తలకైనా పడుతుంది. అందుకని అభిమానులు తమ దగ్గరున్న వేరే పెట్టెల్లో వెతికారు. ఒకచోటి కోటు, ఇంకొకచోటి జుట్టు, మరొకచోటి నవ్వుముఖం కలిపి తమ ఆండీని తామే చేసుకున్నారు. వంటగదిని ఇంట్లో మిగిలిన ఇటుకలతో కట్టుకున్నవాళ్లూ ఉన్నారు.

మా అమ్మాయి బృందం కూడా అదే పని చేసింది. పాత డబ్బా ఒకటి చాపమీద బోర్లించి, నలుగురూ గంటసేపు గాలించి ఎరుపు గోధుమ రంగు జుట్టు ఒకటి పట్టారు. ఎరిన్ తయారైంది. తీరా చూస్తే రిసెప్షన్‌లో ఉన్నది ఒకటే కుర్చీ, దాంట్లో పామ్ ఉంది.

"ఈ పిల్లను ఎక్కడ కూర్చోబెడతారమ్మా?" అన్నాను.

"పామ్‌కు సేల్సులోకి బదిలీ పెదనాయనా. ధారావాహికలోనూ అంతే కదా" అంటూ పామ్‌ను పైకెత్తింది. "మరి పామ్‌కు బల్ల?"

ఎవరి దగ్గరా జవాబు లేదు. నలుగురూ మళ్లీ డబ్బా మీదికి వంగారు. బల్ల కాళ్లకు పనికొచ్చే ముక్కలు ఎలా ఉంటాయో అడిగి తెలుసుకుని, నేనూ కళ్లజోడు సవరించుకుని చాపమీదికి దిగాను.