తప్పు ఇప్ప నూనెది కాదు, మా లెక్కది

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. డిగ్రీలో కెమిస్ట్రీ ఉన్నవాళ్లు తప్పకుండా చదవండి.

పోయినేడు ప్రాక్టికల్స్‌లో సబ్బు చేయమన్నారు. మిగతా బ్యాచ్‌లవాళ్లు కొబ్బరి నూనె కొనుక్కొచ్చారు. మేం నలుగురం హాస్టల్ వాళ్లం, ఊరి నుంచి ఇప్ప నూనె తెచ్చుకున్నాం. ఇంట్లో పలుకులు ఎండబెట్టి గానుగ పట్టించిందే. డబ్బులు మిగులుతాయని కొంత, మన నూనె అని కొంత. బోర్డు మీద రాసినట్టే 100 గ్రాముల నూనెకు 18 గ్రాముల కాస్టిక్ సోడా వేశాం. సబ్బు గట్టిగానే వచ్చింది గానీ దాంతో చేతులు కడిగితే ఒకటే మంట. మాలో ఒకడికి వేళ్ల మీద తోలు ఊడింది. "అడవి నూనెతో ఇంతకంటే ఏమొస్తది" అని ల్యాబ్‌లో నవ్వారు. నిజమే కాబోలు అనుకుని మిగిలిన నూనె మోరీలో పోసేశాం. ఆ సీసా కోసం అమ్మవాళ్లు ఎన్ని చెట్ల కింద వంగి ఏరారో తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తది.

పరీక్షలకు చదువుతుంటే సంగతి తెలిసింది. నూనె అణువంటే గ్లిజరాల్‌కు కట్టిన మూడు కొవ్వు ఆమ్లాల గొలుసులు. కొబ్బరి నూనెలో సగం దాకా లారిక్ ఆమ్లమే, దాని గొలుసులో 12 కార్బన్లు. ఇప్ప నూనెలో దాదాపు అన్నీ 16, 18 కార్బన్లవి. గొలుసు పొడుగైతే అణువు బరువు పెరుగుతది, అదే 100 గ్రాముల్లో అణువులు తగ్గుతాయి. కిలో కందులు ఎన్నో, కిలో ఇప్ప పలుకులు అన్ని రావు కదా. సోడాకు కావలసింది గ్రాముల లెక్క కాదు, గొలుసుల లెక్క. కొబ్బరి నూనెకు 18 గ్రాములు పడితే ఇప్ప నూనెకు సుమారు పదమూడున్నర చాలు. మిగిలిన నాలుగు గ్రాముల పైచిలుకు సోడా సబ్బులోనే ఉండిపోయి మావాడి వేళ్లు కాల్చింది.

నురగ సంగతీ అంతే. సబ్బు అణువుకు తల నీళ్లను కోరుతుంది, తోక నూనెను కోరుతుంది. తోక పొడుగయ్యేకొద్దీ నీళ్లలో కరగడం తగ్గుతుంది. అందుకే కొబ్బరి సబ్బు చన్నీళ్లలో కూడా గబగబా నురగిస్తుంది, మనది నిదానంగా. ఆల్కహాళ్లలో ఇది ఇంకా తేటగా కనిపిస్తుంది. ఇప్ప సారాలో ఉండే ఇథనాల్‌కు 2 కార్బన్లే, నీళ్లలో ఎంతైనా కలుస్తది. 4 కార్బన్ల బ్యూటనాల్ 100 మి.లీ. నీళ్లలో 8 గ్రాముల దగ్గరే ఆగిపోతుంది. 6 కార్బన్ల హెక్సనాల్ ఒక్క గ్రాము కూడా కరగదు. (సారా పేరెత్తానని వార్డెన్‌కు చెప్పకండి.)

ఈ ఏడు మళ్లీ చేశాం. గ్లౌజులు వేసుకుని, సోడా 13 గ్రాములే తూచాం. నూనె, సోడా నీళ్లు విడివిడిగా ఉండిపోకుండా కాస్త స్పిరిట్ కలిపాం, అది రెండింటితోనూ కలుస్తుంది. నాలుగు వారాలు ఆరనిచ్చాం. ముందు ఎవరు వాడాలని అడిగితే పోయినేడు వేళ్లు కాలినవాడే చెయ్యి చాపాడు. మంట లేదు. నురగ మాత్రం నిదానమే.

జూనియర్లూ, ఈసారి బోర్డు మీద 18 అని కనిపిస్తే, అది ఏ నూనెకో అడగండి. మా రికార్డులో లెక్క మొత్తం ఉంది, కావాలంటే హాస్టల్‌కు వచ్చి రాసుకోండి.