ఆపే మీట ఎక్కడ?

పాటల పెట్టె కొనడం పెళ్ళిచూపుల్లాంటిదని నాకు ఈమధ్యే తెలిసింది. మెచ్చేది ఒకరు, బేరం చేసేది ఒకరు, కాపురం చేసేది మాత్రం ఇంకొకరు!

షుగరు మూలాన మా అమ్మకి రెండేళ్ళుగా చూపు బాగా తగ్గింది. తెర మీది బొమ్మ కనపడదు గనక ఇప్పుడామెకి పాటే సినిమా. 1951లో వచ్చిన 'మల్లీశ్వరి' పాటల్లో ఘంటసాల, భానుమతి గొంతులు వినపడితే చాలు, బొమ్మంతా కళ్ళముందు కదులుతుందంటుంది. రోజూ పొద్దున్నే నేనో, మా చెల్లెలో సెల్‌ఫోన్‌లో పాటలు పెట్టి మా పనుల్లో పడేవాళ్ళం. ఆ నున్నటి అద్దం మీద తడుముకోవడం ఆమె వల్ల కాదు. అందుకని ఆమెకంటూ ఓ పాటల పెట్టె కొందామని హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీకి వెంటబెట్టుకు వెళ్ళాను.

పత్రికలకి రాసుకు బతికేవాణ్ణి కదా, ముందే బోలెడు చదువుకుని వెళ్ళాను లెండి. 1979లో సోనీ వాక్‌మన్ వచ్చి క్యాసెట్టు పాటని మనిషితోపాటు నడిపించింది. 2001లో వచ్చిన మొదటి ఐపాడ్ 1,000 పాటలు మోసింది. 2022లో ఐపాడ్ కథా ముగిసింది. ఇప్పుడో? పాటకి 4 ఎంబీ చొప్పున లెక్కేసినా, గోరంత 32 జీబీ కార్డులో దాదాపు 8,000 పాటలు!

కొట్టతను మూడు మోడళ్ళు పరిచాడు. ఒకటి అగ్గిపెట్టెంత, ఇయర్‌ఫోన్లతో. రెండోది పాత ట్రాన్సిస్టర్‌లా ముచ్చటగా ఉంది, పాటలు ముందే నింపారు, మీటలన్నీ ఒకే వరస, ఒకే సైజు. మూడోది నాటు ప్లాస్టిక్ డబ్బా. కార్డు పెట్టుకోవాలి. పక్కన ఓ గుండ్రటి మీట.

నా ఓటు మొదటిదానికి. అమ్మ చెవుల్లో పెట్టుకుని వెంటనే తీసేసింది.

"ఇవీ మూసేస్తే నాకింకేం మిగుల్తుందిరా? గేటు చప్పుడు, కుక్కరు కూత వినపడొద్దూ?"

నిజమే. మొదటి వాక్‌మన్ చేసినవాళ్ళకీ ఈ సందేహం వచ్చింది. అందుకే ఇద్దరు వినేలా రెండు ఇయర్‌ఫోన్లకి చోటిచ్చి, పాట తగ్గించి పక్కవాళ్ళ మాట వినడానికి ప్రత్యేకంగా ఓ మీట కూడా పెట్టారు.

కొట్టతను రెండోదాంట్లో ఎన్ని పాటలున్నాయో ఏకరువు పెడుతున్నాడు.

"అది సరే బాబూ, ఆపే మీట ఎక్కడ?" అంది అమ్మ.

నాకు నవ్వొచ్చింది. "వినడానికి కొంటూ ఆపడం గురించి అడుగుతావేమిటమ్మా?"

"పెట్టడానికి మీరున్నారు నాయనా. మధ్యలో తలనొప్పి వచ్చినా, చాలనిపించినా ఎవర్ని పిలవను? మీరేమో పనిలో ఉంటారు. ఆ ఫోను దానంతటది ఆగదు. ఒకదాని తరవాత ఒకటి... వింటూ కూర్చుంటాను."

నా నవ్వు ఆగిపోయింది. రెండేళ్ళుగా అమ్మకి పాటలు వినిపిస్తున్నానని మురిసిపోతున్నాను నేను!

ఆమె చేతికి మూడో డబ్బా ఇచ్చాను. తడిమింది. గుండ్రటి మీట తిప్పితే పాట పెరిగింది. వెనక్కి తిప్పితే తగ్గి, చివర్న టక్కుమని ఆగింది. మళ్ళీ తిప్పింది. మళ్ళీ ఆపింది. "ఇదే," అంది.

మర్నాడు పొద్దున్న సుశీల పాట సగంలో ఆగిపోయింది. చేతిలో పని వదిలేసి పరుగెత్తాను.

"ఏమైందమ్మా? అప్పుడే చెడిపోయిందా?"

"చెడిపోవడమేమిటి? నేనే ఆపాను," అంది అమ్మ, సొంతిల్లు కట్టుకున్నంత దర్జాగా.